నవలాకారుడి నెల: రాత, చదువు, చూపు

(నవలా రచన శిబిరంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది మొదటి నవల మధ్యలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకని నవల ఎలా మొదలుపెట్టాలన్న సంగతి వదిలేస్తాను. మధ్యలో ఉన్న నవలను నెల తర్వాత నెల ఎలా నడిపించాలి, ఆ నెలలో ఏం చదవాలి, ఏం చూడాలి, ఇదంతా ఎక్కడ రాసి పెట్టుకోవాలి అన్నదే ఇవాళ్టి విషయం.

నవల పనికి లెక్క నెలల్లో వేసుకోవాలని నా గట్టి నమ్మకం. రోజుకు ఇన్ని పేజీలని నియమం పెట్టుకుంటే ఇంట్లో ఒక పెళ్ళి, ఒక జ్వరం, పిల్లల పరీక్షలు వచ్చేసరికి అది చెడుతుంది. మూడు రోజులు తప్పాక, బాకీ పడిపోయామన్న దిగులుతో నాలుగో రోజు కూడా కాగితం ముట్టుకోరు. పోనీ ఏడాదికి ఒక నవల అనుకుంటే, పని సాగడం లేదన్న సంగతి దీపావళి దాటేదాకా తెలియదు. నెల అయితే పోయిన నాలుగు రోజుల్ని పూడ్చుకునే వీలుంటుంది. కథ దారి తప్పితే ముప్పై పేజీలకే బయటపడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. నెల కిందట రాసిన సన్నివేశం చాలావరకు బుర్రలో ఉంటుంది. మూడు నెలల కిందటిది ఉండదు, మళ్ళీ చదువుకోవలసిందే.

ఆంథొనీ ట్రాలప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ నవలలు రాశాడు. పొద్దున్నే ఐదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడినని 1883లో అచ్చయిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. రచన గురించి మాట్లాడేవాళ్ళంతా ఈ పావుగంట సంగతే ఎత్తుకుంటారు. మనకు అంతకంటే పనికొచ్చేది అదే పుస్తకంలో మరొకటుంది. కొత్త నవల మొదలుపెట్టగానే ఆయన వారాలవారీగా ఒక డైరీ గీసుకుని, ఏ రోజు ఎన్ని పేజీలు రాశాడో అందులో వేసుకునేవాడు. సగటున వారానికి 40 పేజీలు. తగ్గినప్పుడు 20కి పడిపోయింది, పెరిగినప్పుడు 112 దాకా వెళ్ళింది. అంత క్రమశిక్షణ ఉన్న మనిషికే వారానికీ వారానికీ ఐదింతల తేడా వచ్చిందంటే, ఒక వారం తగ్గిందని మనం బెంబేలెత్తనక్కర్లేదు. ఇంకొకటి గమనించండి. పేజీ అంటే 250 మాటలు అని ఆయన ముందే తేల్చుకున్నాడు. కొలత ఖాయం చేసుకోకుండా లెక్క రాసి ప్రయోజనం లేదు.

నెల అన్న కొలతను అందరికంటే బాగా వాడుకున్నది చార్ల్స్ డికెన్స్. ఆయన పెద్ద నవలలు చాలావరకు నెలకో భాగంగా వచ్చాయి. భాగానికి 32 పేజీలు, రెండు బొమ్మలు, ధర ఒక షిల్లింగు. మొత్తం ఇరవై భాగాలు, చివరి రెండూ కలిపి ఒకేసారి. అంటే పందొమ్మిది నెలల పని. 32 పేజీలు కచ్చితంగా నిండాలి. ఎక్కువ రాస్తే కోయాలి, తక్కువైతే ప్రూఫు మీద కలపాలి. ఈ ఇరుకులో పనిచేయడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. ప్రతి నెల భాగానికీ ఒక కాగితం తీసుకుని, అడ్డంగా పెట్టి, రెండు సగాలు చేసేవాడు. కుడివైపు ఆ నెల అధ్యాయాల పేర్లు, వాటిలో జరిగేవి. ఎడమవైపు తనకు తాను వేసుకున్న ప్రశ్నలు: ఫలానా పాత్రను ఈ నెల తీసుకురావాలా, ఫలానా రహస్యం ఇప్పుడే విప్పాలా. వాటి పక్కనే జవాబులు: అవును, వద్దు, ఇప్పుడే కాదు. ఈ కాగితాలు చాలా నవలలవి ఇప్పటికీ ఉన్నాయి, అచ్చులో కూడా వచ్చాయి.

నన్నడిగితే ఆ ఎడమవైపే అసలు విద్య. మనం కుడివైపు రాసుకుంటాం, అంటే ఏం జరగాలో. ఏం జరగకూడదో, ఎవరు ఈ నెల రాకూడదో రాసుకోం. నవల మధ్యలో బరువెక్కి కదలకపోవడానికి మామూలు కారణం ఇదే. ప్రతి పాత్రా ప్రతి అధ్యాయంలో ఒకసారి తొంగి చూస్తుంది, పాఠకుడు మరిచిపోతాడేమోనన్న భయంతో. "ఈ నెల వద్దు" అని ఒకసారి రాసి పెట్టుకుంటే ఆ పాత్ర గురించి నెల రోజులు ఆలోచించే పనే ఉండదు.

ఇక మన లెక్క. నెల రోజుల్లో 50,000 మాటలు రాయాలన్న పందెం ఒకటి 1999లో అమెరికాలో మొదలై, మరుసటి ఏడు నవంబరుకు మారి, చాలా దేశాలకు పాకింది. రోజుకు 1,667 మాటలు. మనవాళ్ళు కొందరు దాన్ని తెలుగులో పట్టుకుని పది రోజులకే చతికిలపడతారు. "వెళ్ళిపోయాడనుకున్నాను" అన్నది తెలుగులో ఒకే మాట. అదే సంగతి చెప్పడానికి ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి. పైగా కంప్యూటరు ఖాళీలను బట్టి లెక్కిస్తుంది. "చేసి పెట్టాడు" అని విడదీస్తే రెండు, కలిపితే ఒకటి. కాబట్టి మాటల లెక్క పక్కన పెట్టి అచ్చు పేజీల లెక్క పెట్టుకోండి.

మన నవలలు ఎక్కువగా వచ్చేది 1/8 డెమీ సైజులో, అంటే డెమీ అనే పెద్ద కాగితాన్ని ఎనిమిది ఆకులుగా మడిచిన సైజులో. పన్నెండు, పదమూడు పాయింట్ల అక్షరంతో పేజీకి 28 నుంచి 30 పంక్తులు, పంక్తికి ఏడెనిమిది మాటలు. అంటే పేజీకి 200 నుంచి 240 మాటలు. 200 పేజీల నవల రమారమి 40 నుంచి 48 వేల మాటలు. చేత్తో రాసేవాళ్ళు ఒక చిన్న పని చేయండి. మీకు నచ్చిన నవల ఏదైనా ఆ సైజులో ఉన్నది తీసుకుని, నిండుగా ఉన్న ఒక పేజీని మీ మామూలు కాగితం మీద మీ మామూలు రాతతో దించండి. కాగితం ముప్పావు నిండిందనుకోండి, మీ నాలుగు కాగితాలు ఐదు అచ్చు పేజీలకు కాస్త పైన. ఈ నిష్పత్తిని మీ నోటుపుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి. సంభాషణల పేజీతో కొలవకండి, అందులో సగం తెల్లకాగితమే ఉంటుంది.

నెలకు ఇరవై రోజులే రాతకు లెక్క వేసుకోండి. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు అచ్చు పేజీలు. నెలకు ముప్పై, నలభై పేజీలు. ఆరు నెలల్లో 200 పేజీల చిత్తు తేలుతుంది. మిగిలిన పది రోజుల్లో రెండు నెలాఖరు పనికి, మూడు నాలుగు తిరగడానికీ గ్రంథాలయానికీ, మిగతావి చుట్టాలకూ పండగలకూ. అవి ఎలాగూ పోతాయి, ముందే ఇచ్చేయడం మేలు. జనవరిలో సంక్రాంతి, మార్చిలో పరీక్షలు, పెళ్ళిళ్ళ నెలలు: వీటికి పదిహేను రోజులే వేసుకున్నా తప్పులేదు.

మూడో నెలలోనో నాలుగో నెలలోనో, అంటే 80 నుంచి 120 పేజీల మధ్య, పని ఆగిపోతుంది. ఇది చాలామందికి జరుగుతుంది. అప్పటికి పాత్రలన్నీ వచ్చేసి ఉంటాయి, ఊరు పరిచయమైపోయి ఉంటుంది, ఎవరికేం కావాలో మాత్రం తేలి ఉండదు. అప్పుడు మొదటి అధ్యాయం తిరగరాయాలన్న కోరిక పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. తిరగరాసిన మొదటి అధ్యాయం, తిరగరాయని రెండోదానికి అతకదు, ఆపైన మూడోది, అలా మళ్ళీ మొదటికొస్తారు. దానికి బదులు సవరణల పట్టీ ఒకటి పెట్టుకోండి. "పే. 14: తండ్రి చనిపోయి ఉండాలి. పే. 31: ఈ ఉత్తరం అక్కర్లేదు." అంతే రాసి, ఆ మార్పు అప్పటికే చేసేసినట్టుగా 121వ పేజీ నుంచి ముందుకు వెళ్ళండి. చిత్తులో తండ్రి సగం నవల దాకా బతికి, తర్వాత ఎప్పుడో చనిపోయినవాడుగా కనిపిస్తాడు. పరవాలేదు, చిత్తును మీరు తప్ప ఎవరూ చూడరు.

ఇప్పుడు నెలాఖరు పుస్తకం, అంటే నెల చివర ఆ నెల పని లెక్క రాసుకునే నోటుపుస్తకం గురించి. నెలలో చివరి రెండు రోజులు కొత్తగా ఏమీ రాయకండి. మొదటి రోజు ఆ నెల పేజీలన్నీ కలం పట్టుకోకుండా ఒకే విడతలో చదవండి. కలం చేతిలో ఉంటే వాక్యాలు దిద్దడం మొదలుపెడతారు, కథ కనిపించదు. రెండో రోజు పుస్తకంలో ఒక్కో సన్నివేశానికి ఒక్కో పంక్తి రాయండి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, దాని తర్వాత ఏం మారింది. ఈ చివరిది రాయలేకపోయిన సన్నివేశం పక్కన సున్నా చుట్టండి. నెలకు పది పన్నెండు సన్నివేశాల్లో రెండు సున్నాలు సహజం. ఐదు వస్తే, వచ్చే నెల మొదటి వారం కొత్త పేజీలు ఆపి ఆలోచించాలి. ఆ కిందే డికెన్స్ తరహాలో ప్రశ్నలు, జవాబులు. ఆ తర్వాత చదివినవి, చూసినవి. మొత్తం రెండు పేజీలు దాటకూడదు.

దాటితే ఏమవుతుందంటే, ఆ పుస్తకమే నవల స్థానం ఆక్రమిస్తుంది. నవల ఎందుకు సాగడం లేదో రాయడం నవల రాయడం కంటే సులువు. అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1951లో తన పెద్ద నవల రాస్తూ, నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద రోజూ తన సంపాదకుడికి ఒక ఉత్తరం రాసుకుని, కుడి పేజీ మీద నవల రాశాడు. ఆ ఉత్తరాలు తర్వాత విడి పుస్తకంగా వచ్చాయి. ఎడమ పేజీ చేయి తిప్పుకోవడానికి, ఆ తర్వాత కుడి పేజీలోకి. ఇది ఆయనకు పనికొచ్చింది, ఎందుకంటే రోజూ కుడి పేజీ కూడా నిండింది. మీకు ఎడమవైపే నిండుతుంటే ఆ అలవాటు మానేయండి.

ఈ పుస్తకంలోనే వెనక నుంచి మరో పట్టీ ఉండాలి, కాలపట్టీ. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. తెలుగు నవలల్లో నాకు బాధ కలిగించే తప్పులు ఎక్కువగా ఇక్కడే దొర్లుతాయి. నిలువు గడుల్లో పాత్రల పేర్లు, అడ్డంగా సంవత్సరాలు, గడిలో ఆ ఏటికి ఆ మనిషి వయసు. చివరి గడిలో బయటి లోకంలో ఏం జరిగిందో రాయండి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. 1955లో పిల్లవాడి చేతిలో పది పైసలు పెట్టకూడదు, అణాలు పెట్టాలి. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. 1986లో జరిగే కథలో కరణం ఉండవచ్చు, ఊళ్ళో ఆయన్ని అలాగే పిలుస్తారు కూడా, కానీ ఆయన పదవిలో కూర్చుని అడంగల్, అంటే ఊరి పొలాల, పంటల లెక్క, రాస్తూ ఉండకూడదు. మండలాలు వచ్చింది 1985లో. 1975 కథలో రైతు పని మీద వెళ్ళేది తాలూకా ఆఫీసుకో సమితి ఆఫీసుకో. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, అంతకు ముందు "విజయనగరం జిల్లా కలెక్టరు" లేడు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. కాబట్టి ఈ కాలపు కథలో కూడా సంవత్సరం తెలియకుండా జిల్లా పేరు రాయడానికి లేదు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, శనివారం. ఇలాంటి తేదీన మీ నవలలో బడి, సంత, బ్యాంకు ఉంటే ఏ వారమో చూసుకోవాలి. తిథి కావాలంటే ఆ ఏటి పంచాంగం చూడాలి. వెన్నెల ఉందో లేదో అంతర్జాలంలో చంద్రకళల పట్టికలు కూడా చెబుతాయి.

వరసలు కూడా ఇక్కడే రాసుకోండి. మూడో అధ్యాయంలో పెదనాన్న పదిహేనో అధ్యాయంలో బాబాయి అయిపోతాడు. మేనరికాలున్న కుటుంబంలో ఒకే మనిషి ఒకరికి మేనమామ, మరొకరికి బావ. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో, "నువ్వు" అంటారో "మీరు" అంటారో ఒక పేజీ. తండ్రిని నాన్న అనే ఇల్లు వేరు, నాయన అనే ఇల్లు వేరు, బాపు అనే ఇల్లు వేరు. ఒక్కో ముఖ్య పాత్రకు ఆ మనిషి మాత్రమే వాడే పది మాటలు రాసుకుంటే, రెండు నెలల విరామం తర్వాత కూడా గొంతు తప్పిపోదు. ఫోనులో నోటితో చెప్పి రాయించేవాళ్ళకు ఒక హెచ్చరిక: ఆ యంత్రాలు మాండలికాన్ని తరచుగా మామూలు భాషలోకి దిద్దేస్తాయి. "వస్తన్నడు" అంటే "వస్తున్నాడు" పడుతుంది. సంభాషణలు చేత్తోనే కొట్టండి.

చదువు సంగతికి వద్దాం. నవల రాసే నెలల్లో చదివేది మూడు రకాలు. మొదటిది సరుకు: పాత పత్రికలు, జిల్లా గెజెటీర్లు, ఆ వృత్తి గురించిన పుస్తకాలు. దీనికి హద్దు పెట్టుకోకపోతే ఏడాది గడిచిపోతుంది. నెలాఖరు ప్రశ్నల్లో ఉన్నవాటికి మాత్రమే వెతకండి. "1962లో గుంటూరు నుంచి మాచర్లకు ఎలా వెళ్ళేవారు" అన్నది ప్రశ్న. "పల్నాడు చరిత్ర" అన్నది ప్రశ్న కాదు.

రెండోది, మీకు వచ్చిన చిక్కే వచ్చిన మరో రచయిత నవల. ఒక్క రోజులో జరిగే కథ రాస్తున్నారా? నవీన్ 'అంపశయ్య' చూడండి. 1969లో వచ్చింది, విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్క రోజు జీవితం. మొదటిసారి మామూలుగా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని గంటలు లెక్కపెట్టండి: పొద్దున ఎన్ని పేజీలు తీసుకుంది, మధ్యాహ్నం ఎన్ని, గతంలోకి వెళ్ళినప్పుడు ఏ మాటతో వెళ్ళాడు, ఏ చప్పుడుతో వెనక్కి వచ్చాడు. ఈ లెక్క రెండు పంక్తుల్లో నెలాఖరు పుస్తకంలోకి ఎక్కాలి. "అద్భుతంగా ఉంది" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత దేనికీ పనికిరాదు. పేజీ నంబరు, అక్కడ రచయిత చేసిన పని, అంతే.

మూడోది మీ నవలతో ఏ సంబంధమూ లేనిది: కవిత్వం, విజ్ఞానశాస్త్రం, ప్రయాణాలు, ఏదైనా. ఒక ప్రమాదం మాత్రం చెప్పాలి. గట్టి గొంతున్న రచయితను రాత రోజుల్లో చదివితే వారం తిరగకుండానే ఆ వాక్యాల విరుపు మీ పేజీల్లోకి వస్తుంది. అలాంటివాళ్ళను రాత లేని పది రోజులకు దాచుకోండి.

చూసేవాటి దగ్గర ముందు కాలం లెక్క చూసుకోవాలి. ఎనిమిది భాగాల వెబ్ సిరీస్ ఆరేడు గంటలు. అదే సమయంలో మూడు నాలుగు రోజుల రాత పని అయిపోతుంది. చూడొద్దనడం లేదు, నెలకు ఒకటి చాలంటున్నాను. దాన్ని కూడా పనికోసం చూడండి. సన్నివేశం మధ్యలో మొదలై, తేలకముందే ఎలా తెగిందో సినిమా చూస్తే బాగా తెలుస్తుంది. మన నవలల్లో పాత్ర తలుపు తట్టడం, కాఫీ తాగడం, వెళ్ళొస్తానని చెప్పడం, చెప్పులేసుకోవడం అన్నీ ఉంటాయి. పాత ఊళ్ళ కోసం, దుస్తుల కోసం, దుకాణాల బోర్డుల కోసం పాత సినిమాల్లో బయట తీసిన దృశ్యాలు శబ్దం తీసేసి చూడండి. పాత్ర మాట్లాడుతుంటే వెనకాల బస్సును ఎవరూ చూడరు.

ఒకే నెలలో నవలా, దాని సినిమా రెండూ పెట్టుకుంటే వచ్చే లాభం ఇంకెందులోనూ లేదు. 'పథేర్ పాంచాలి' తీసుకోండి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది, సత్యజిత్ రాయ్ సినిమా 1955లో. నవలలో ముసలి ఇందిర్ ఠాక్రున్ కథ మొదట్లోనే, కథానాయకుడు అపు చంటిపిల్లవాడుగా ఉండగానే ముగుస్తుంది. సినిమాలో ఆమె పిల్లలిద్దరితో పాటు చాలాసేపు ఉంటుంది. నవల చివరి భాగమైన కాశీ జీవితాన్ని ఈ సినిమా ముట్టుకోదు, కుటుంబం ఊరు విడిచి బండెక్కడంతో ఆపేస్తుంది. కాశీ ఆ తర్వాతి సినిమాలో వస్తుంది. ఎందుకు మార్చారో కాగితం మీద మీరే రాసి చూడండి. రెండు గంటల్లో చూసేవాడికి ముసలితనమూ పసితనమూ ఒకే చట్రంలో కనిపించాలి. చదివేవాడు ఆమెను నూరు పేజీల తర్వాత కూడా తలుచుకోగలడు. ఈ తేడా అర్థమైతే, మీ నవలలో ఏది చూపాలో, ఏది జ్ఞాపకానికి వదిలేయాలో తెలుస్తుంది. అదేపనిగా సినిమాలు చూసి రాసేవాళ్ళ పేజీల్లో సంభాషణలు మిగులుతాయి, వాసన ఉండదు, మనిషి లోపల ఏం జరుగుతోందో ఉండదు. మీ నెల పేజీల్లో సంభాషణ సగం దాటితే ఈ జబ్బు ఉందేమో చూసుకోండి.

చిత్తు పూర్తయ్యాక ఒక నెల దాన్ని ముట్టుకోకండి. ఆ నెల చదువుకే. తర్వాత రెండు నెలలు సవరణ: మొదటి నెల సవరణల పట్టీలో ఉన్న పెద్ద మార్పులు, రెండో నెల వాక్యాలు. ఈ వరస తిరగేస్తే, నునుపు చేసిన వాక్యాలున్న అధ్యాయాన్ని తీసేయడానికి మనసొప్పదు. తిరగరాయడం ఎంత దూరం వెళ్ళొచ్చో చూడాలంటే గురజాడ 'కన్యాశుల్కం' 1897 ప్రతినీ 1909 ప్రతినీ పక్కపక్కన పెట్టుకోండి. నాటకమే అయినా నవలాకారుడికి అంతకంటే మంచి పాఠం లేదు. రెండోది దాదాపు కొత్త రచన. ఎవరి మాటలు పెరిగాయో, మధురవాణి ఎంత పెరిగిందో గుర్తులు పెట్టుకుంటూ చదవండి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినదాన్ని పుస్తకం చేస్తున్నవాళ్ళకు పని వేరు: వారం వారం గుర్తుచేయడానికి రాసిన "కిందటి సంగతులు" కోసేయాలి, ప్రతి భాగం చివరా పెట్టిన ఉత్కంఠల్లో సగం తీసేయాలి. వారం ఆగి చదివినవాడికి బాగున్న మలుపు, పేజీ తిప్పగానే తేలిపోతే విసుగు పుట్టిస్తుంది.

చివరిగా అచ్చు నెలలు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడది. వాటికి పుస్తకం కావాలంటే సాపుప్రతి సెప్టెంబరు ఆఖరుకు చేతిలో ఉండాలి. చేతిరాత అయితే డీటీపీకి, అంటే కంప్యూటరులో కొట్టి పేజీలు కట్టడానికి, రెండు మూడు వారాలు, మొదటి ప్రూఫుకు పది రోజులు, దిద్దుబాట్ల తర్వాత రెండో ప్రూఫుకు వారం, ముఖచిత్రం ఈలోగా. నవంబరు వచ్చేసరికి ప్రెస్సులన్నీ నిండిపోతాయి. అచ్చుకూ బైండింగుకూ రెండు వారాలనుకున్నది నాలుగవుతుంది. పాత 'అను' ఖతుల్లో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో) కొట్టించిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చితే కొన్ని వత్తులు, ఉల్లేఖన గుర్తులు, అంకెలు మారిపోతాయి. మార్చిన తర్వాత మొత్తం మళ్ళీ చదవాల్సిందే. 1/8 డెమీలో ఫారానికి, అంటే రెండు వైపులా అచ్చు వేసి మడిచే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు. 240 పేజీలంటే సరిగ్గా పదిహేను ఫారాలు. 243 వస్తే ఆ మూడు పేజీల కోసం ఇంకో అరఫారం ఖర్చు, ఐదు పేజీలు ఖాళీ. పేజీలు కట్టిన తర్వాత ప్రూఫులో నాలుగు పంక్తులు కలిపితే అధ్యాయం చివరిదాకా పేజీలన్నీ జరుగుతాయి. కలిపినంత అక్కడికక్కడే తీసేయడం అలవాటు చేసుకోండి. ఆ నెలల్లో కొత్త నవల మొదలుపెట్టకండి, కానీ నెలాఖరు పుస్తకం ఆపకండి. చదివినవీ, చూసినవీ, వచ్చిన ప్రశ్నలూ అందులో పడుతూనే ఉండాలి. ప్రూఫులు చూస్తున్నప్పుడు వచ్చే ఆలోచనలు తర్వాతి నవలవి.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు మీ చేతిలో ఇప్పుడు ఎన్ని అచ్చు పేజీలున్నాయో చెప్పి అడిగితే, జవాబు మీ పనికి తగ్గట్టు చెప్పగలను.